నాన్నగారి పాటలు, అమ్మ మౌనం, అన్నయ్య ఆల్బమ్: ముందు దేని సంగతి చూడాలి?

పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన ఒక పాఠకురాలు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. వయసు 36, పెళ్లయి హైదరాబాదులో ఉంటున్నారు. నాన్నగారు 38 ఏళ్లు ఒక స్వతంత్ర క్రైస్తవ సంఘానికి కాపరి. ఆయన హార్మోనియం మెట్ల మీద వేళ్లు పెడితే చాలు, బయట అరుగు మీద కూర్చున్నవాళ్లు కూడా లేచి లోపలికి వచ్చేసేవారట. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పేరు ‘పాటల అయ్యగారు’. సుమారు 180 పాటలు రాసి, తానే బాణీ కట్టి, 11 నోటుపుస్తకాల్లో ఎక్కించుకున్నారు. 1990ల్లో రెండు క్యాసెట్లు ఒక రికార్డింగ్ సంస్థ విడుదల చేసింది. ప్రార్థన కూడికల్లోనూ ఇంట్లోనూ టేపురికార్డరు పెట్టి తీసినవి మరో 21 ఉన్నాయి. ఏడు నెలల క్రితం ఆయన ప్రభువునందు నిద్రించారు.

అప్పటినుంచి ఇంట్లో ఎవరి దారి వారిదే అయింది. అన్నయ్య ఇప్పుడు అదే సంఘానికి పాస్టరు. నాన్నగారు పోయి ఏడాది నిండేనాటి సంవత్సరం కూడికను ఊరి మైదానంలో పెద్దయెత్తున చేయాలని, నాన్నగారి పాటల్ని కొత్త సంగీతంతో ఆల్బమ్‌గా తేవాలని ఆయన ఆలోచన. ఒక సంస్థ 60,000 రూపాయలిచ్చి ‘సర్వహక్కులు శాశ్వతంగా’ అన్న కాగితం పంపింది, సంతకం చేయమంటోంది. సంఘంలో పెరిగిన ఒక కుర్రాడు నాన్నగారి పాటను యూట్యూబ్‌లో పెట్టి రచన అన్నచోట వేరే పేరు వేశాడు. సంఘపెద్దలు ‘నోటుపుస్తకాలు సంఘానివి, మందిరంలో ఉండాలి’ అంటున్నారు. అమ్మగారైతే క్యాసెట్ పెట్టగానే, పల్లవికి ముందు ఆయన గొంతు సవరించుకునే చిన్న దగ్గు వినపడగానే లేచి పెరట్లోకి వెళ్లిపోతున్నారు. ఈమెకేమో మందిరంలో ఆ పాటలు పాడబోతే రెండో చరణం దగ్గర గొంతు పూడుకుపోతోంది. పైగా నాన్నగారు బతికుండగా ‘నా ఫొటోకి దండ వేయొద్దు, నా పేరు మీద పండగ చేయొద్దు’ అని చెప్పారు. 30 ఏళ్లు ఆయన పక్కన ఢోలక్ వాయించిన పెద్దాయనకు ఇప్పుడు 78, మంచం పట్టి లేచారట. ‘ఏం చేస్తే నాన్నగారిని సరిగ్గా గుర్తుంచుకున్నట్టు?’ అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఆరేడు చిక్కులు ఒకే ముడిలో పడి ఉన్నాయి. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి కాబట్టి అన్నీ ఒకేసారి తేలాలనిపిస్తోంది. కానీ వీటిలో తొందరపడాల్సినవి రెండే: ఆ క్యాసెట్లు, ఆ ఢోలక్ పెద్దాయన. ఆల్బమ్ వచ్చే ఏడాది తీసినా ఆల్బమే. ఒప్పందం ఆరు నెలలు ఆగితే పోయేదేమీ లేదు, పాటల మీద హక్కు రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటుంది. క్యాసెట్‌కి అంత ఓపిక లేదు, అందులోనూ గోదావరి తేమలో పెరిగిన క్యాసెట్‌కి. ఇంట్లో వాదన ఏ పక్కకు తేలినా, ఈ లోపు టేపు బూజు పట్టిపోతే గెలిచినవారికీ మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ముందు వాటి సంగతి వివరంగా చెప్తాను. పెద్దాయన సంగతి చివర్లో.

ఏ క్యాసెట్టూ ఇంకోసారి ప్లేయర్లో పెట్టకముందే ఒక పని చేయండి. క్యాసెట్ వెనక అంచున, రెండు మూలల్లో, చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. పాత పెన్ను మూతతో నొక్కితే విరిగిపోతాయి. అవి లేకపోతే రికార్డు మీట దిగదు, పొరపాటున నాన్నగారి గొంతు మీద ఇంకేదో ఎక్కే ప్రమాదం ఉండదు. 23 క్యాసెట్లకు పది నిమిషాల పని. తర్వాత ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు ఎత్తి కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. గోధుమరంగులో నున్నగా ఉంటే మంచిదే. తెల్లటి పొడి, మచ్చలు కనపడితే అది బూజు. దాన్ని ఆడించవద్దు. ఆడిస్తే ఆ పొడి ప్లేయరులో టేపును చదివే హెడ్డుకు అంటి, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అలాంటివి వేరే డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, పొడిచోట విడిగా ఉంచండి. వాటిని ఈ పనిలో చెయ్యి తిరిగినవారికి ఇవ్వాలి. మిగతావన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చు.

క్యాసెట్ తెరిచి ఉండే అంచు మధ్యలో, సన్నటి రాగి రేకు మీద చిన్న ఉన్నిముక్క ఉంటుంది, కందిబద్దంత. టేపును హెడ్డుకు ఒత్తిపట్టేది అదే. జిగురు ఎండి అది ఊడిపోతే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు మొద్దుగా వినపడుతుంది. చాలామంది ‘టేపు పాడైంది’ అని పారేసేది ఇలాంటివాటినే. టేపుకేమీ కాలేదు. అయిదు మరలున్న మరో క్యాసెట్ కొని, దాని గుల్ల విప్పి, నాన్నగారి టేపు చుట్టలు రెండూ అందులోకి మార్చితే మళ్లీ తాళాల చప్పుడు కూడా తేటగా వినపడతాయి. మరలు లేకుండా అతికించిన గుల్ల అయితే అంచు వెంట జాగ్రత్తగా చీల్చాలి. ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి తీసుకుని చెయ్యి అలవాటు చేసుకోండి.

ప్లేయరు విషయంలో డబ్బు ఆదా చేయకండి. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే యూఎస్‌బీ క్యాసెట్ పెట్టెల్లో చాలావాటికి వేగం నిలకడగా ఉండదు, దీర్ఘం తీసినచోటల్లా గొంతు వణుకుతుంది. మంచి పాత డెక్కు ఒకటి వెతికి, మెకానిక్ చేత రబ్బరు బెల్టులు మార్పించి వాడండి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. నాలుగైదు క్యాసెట్లకొకసారి తుడిస్తే దూదికి గోధుమరంగు అంటుతూనే ఉంటుంది, అది మామూలే. పక్కనున్న రబ్బరు చక్రానికి ఆల్కహాల్ వద్దు, తడిగుడ్డ చాలు. ఏళ్లతరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయి కాబట్టి, ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి చుట్టాక ఆడించండి. చుట్టేటప్పుడు కీచుమని ఆగితే బలవంతం చేయొద్దు, తెగుతుంది.

హెడ్డు పక్కన చిన్న మర ఒకటి ఉంటుంది. అది కాస్త అటూఇటూ తిప్పితే శబ్దం ఒకచోట తేటగా, మరోచోట మొద్దుగా మారుతుంది. ఒక్కో టేపురికార్డరులో హెడ్డు ఒక్కో వాలులో ఉంటుంది, తీసినప్పటి వాలు తగిలినచోట శబ్దం తేటపడుతుంది. అందుకే ప్రతి క్యాసెట్‌కూ ఈ మర సరిచూసుకోవాలి. అలాగే శ్రుతి చూసుకోండి. నాన్నగారు ఒకటిన్నర శ్రుతిలో, అంటే హార్మోనియం మీద సి షార్ప్ మెట్టులో, పాడేవారని రాశారు. క్యాసెట్లో దాని పై మెట్టయిన రెండు వినపడుతుంటే బ్యాటరీలు నీరసించిన టేపురికార్డరులో తీసినది అయ్యుంటుంది: తీసినప్పుడు నెమ్మదిగా తిరిగింది, ఇప్పుడు సరైన వేగంలో తిరుగుతూ హెచ్చుగా పలుకుతోంది. వేగంలో సుమారు ఆరు శాతం తేడా వస్తే అరశ్రుతి మారిపోతుంది. మీ ఇంట్లో నాన్నగారి హార్మోనియం ఇంకా ఉంది కదా, దానితోనే పోల్చండి, కీబోర్డుతో కాదు. ఆ టేపుల్లో మోగుతున్నది ఆ పెట్టే అయితే దానికన్నా నమ్మకమైన కొలత దొరకదు.

స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. గదిలో ఫ్యాను, వీధిలో ఆటో అన్నీ అందులోకి ఎక్కుతాయి. డెక్కు వెనక లైన్ అవుట్ నుంచి వైరు తీసి, చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా కంప్యూటరుకు ఇవ్వండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా దాచండి. శబ్దం ఎక్కువలో ఎక్కువ మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకోండి, ఎర్రగీత తాకితే ఆ చోట గొంతు పగిలిపోతుంది, తర్వాత బాగుచేయలేం. మీరు రాసిన లెక్క ప్రకారం 60 నిమిషాలవి 14, 90 నిమిషాలవి 9. మొత్తం 27న్నర గంటలు. టేపు పాడినంతసేపూ కూర్చోవాల్సిందే, దగ్గరిదారి లేదు. వారానికి రెండు చొప్పున చేస్తే 12 వారాలు. సంవత్సరం కూడికకు ఇంకా అయిదు నెలలుంది, సరిపోతుంది. గంటకు సుమారు ఒక జీబీ పడుతుంది కాబట్టి అంతా కలిపి 30 జీబీ లోపే. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి అన్నయ్య దగ్గర, ఒకటి క్లౌడ్‌లో ఉంచండి. వాట్సాప్‌లో మామూలు ఆడియోగా పంపితే నాణ్యత తగ్గొచ్చు, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. అసలు కాపీలో హోరు తగ్గించడం, దగ్గు తీసేయడం, మధ్యలో మాటలు కత్తిరించడం ఏవీ చేయొద్దు. నలుగురికీ వినిపించే కాపీని ఎంతైనా శుభ్రం చేసుకోండి. పాటకూ పాటకూ మధ్య ‘శ్రుతి కాస్త తగ్గించు బాబూ’ అన్న మాట, ఎవరి ఇంట్లో కూడికో చెప్పిన మాట, తేదీ, అవన్నీ ఆ మొదటి కాపీలో ఉండాలి. రేపు పాట ఎవరిదన్న తగాదా వస్తే అవే సాక్ష్యం కూడా.

ఇక అమ్మగారు. ఆమె పెరట్లోకి వెళ్లిపోవడాన్ని మీరు ‘నాన్నను మర్చిపోవాలనుకుంటోందేమో’ అని రాశారు. నాకు అలా కనిపించలేదు. ఫొటో ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కన్ను దానికి అలవాటు పడిపోతుంది. గొంతు అలా కాదు, మనిషి పక్కగదిలో ఉన్నట్టే వస్తుంది. అందులోనూ ఆ దగ్గు వేదిక మీద అయ్యగారిది కాదు, ఆమె ఇంట్లో ఆయనది. దాన్ని ఎప్పుడు వినాలో ఆమె తేల్చుకోవాలి. క్యాసెట్ల పని ఆ ఇంట్లో చేయాల్సివస్తే హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేయండి, లేదా డెక్కును హైదరాబాదు తెచ్చుకోండి. ‘విను అమ్మా, మనసు తేలికపడుతుంది’ అని కూర్చోబెట్టకండి, ఆమెను ఇంకా దూరం తోసినట్టవుతుంది. అలాగని ఆమె ముందు నాన్నగారి ఊసే ఎత్తకుండా ఉంటే ఇల్లు ఇంకా మూగబోతుంది. నడిమి దారి ఒకటుంది. నోటుపుస్తకం తీసుకెళ్లి, ‘ఈ పాట ఏ ఏడు రాశారమ్మా, మనం పాత ఇంట్లో ఉన్నప్పుడా?’ అని అడగండి. పాటలు మొట్టమొదట విన్నది ఆమే. గొంతు వినలేకపోయినా పాట గురించి చెప్పగలరేమో. చెప్తే రాసుకోండి, చెప్పకపోతే పుస్తకం అక్కడే వదిలి రండి.

మామూలు దుఃఖానికి గడువు లేదు. కానీ ఇన్ని నెలలయ్యాక కూడా తిండి, నిద్ర సర్దుకోకపోయినా, మనుషుల్ని కలవడం పూర్తిగా మానేసినా, ‘నేనూ ఆయన దగ్గరికి వెళ్లిపోతా’ అన్న మాట మళ్లీమళ్లీ వస్తున్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన చేస్తున్నాం కదా అని ఆగొద్దు, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మీ గొంతు సంగతికి వస్తే, అందులో సగం దుఃఖం, సగం శ్రుతి అని నా అనుమానం. మందిరంలో కీబోర్డు అబ్బాయి ఇప్పటికీ నాన్నగారి శ్రుతే ఇస్తున్నాడని రాశారు. ఒకటిన్నర ఆయన గొంతుకు కుదిరింది. ఆడవాళ్లలో చాలామందికి ఐదు నుంచి ఆరు దాకా హాయిగా ఉంటుంది. ఆయన శ్రుతిలో మీరు పల్లవి కింది గొంతుతో ఎలాగో లాగేస్తారు. చరణం పైకెక్కేచోట గొంతు ఎటూ చాలదు, సరిగ్గా అక్కడే మనసూ బరువెక్కుతుంది. శ్రుతి మార్చమని అడగండి. ఆయన శ్రుతి మార్చడం ఆయన్ని తక్కువ చేయడమేమీ కాదు. కొన్నాళ్లు ఒంటరిగా మైకు పట్టుకోకుండా ఆడవాళ్ల వరసలో కూర్చుని గుంపులో పాడండి. గొంతు ఆగినచోట ఆగండి, పక్కవాళ్లు పాటను మోస్తారు, మూడో చరణంలో మళ్లీ కలవొచ్చు.

ఇప్పుడు హక్కులు. ఒక పాటలో మూడు విడివిడి హక్కులుంటాయి: మాటలు, బాణీ, రికార్డింగు. మాటలు, బాణీ రెండూ నాన్నగారివే కాబట్టి, ఆయన ఎవరికీ రాసివ్వకపోతే, వారసులకు వస్తాయి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు నుంచి 60 ఏళ్లు. విడుదలైన ఆ రెండు క్యాసెట్ల రికార్డింగు హక్కు మాత్రం తీసిన సంస్థది, విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. అందుకే ఆ రెండింటి ఆడియోను యథాతథంగా నెట్లో పెట్టేముందు వారి అనుమతి అడగాలి. నాన్నగారు వాళ్లతో ఏదైనా కాగితం మీద సంతకం చేశారేమో కూడా వెతకండి. ఇంట్లో, కూడికల్లో తీసిన 21కి ఆ చిక్కు లేదు, తీసినవాళ్లు మీవాళ్లే అయితే.

వీలునామా లేదన్నారు. క్రైస్తవులకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా, కొడుకైనా కూతురైనా. మీరు ఇద్దరే సంతానం కాబట్టి అమ్మగారు, అన్నయ్య, మీరు ముగ్గురికీ తలా మూడో వంతు. అంటే ఆ సంస్థ కాగితం మీద అన్నయ్య ఒక్కరి సంతకం చాలదు. ఈ మాట ఆయనకు లాయరు నోటీసులా చెప్పకండి, ‘ముగ్గురం కలిసి చదువుదాం అన్నయ్యా’ అని చెప్పండి. నాన్నగారి పుల్పిట్ ఎక్కిన మనిషిని సంఘం ప్రతి ఆదివారం నాన్నగారితో పోలుస్తూనే ఉంటుంది. ఆ గొంతు ఆయనకు రాలేదు. కొత్త సంగీతం, పెద్ద కూడిక అనడంలో గొప్పకన్నా ఆ బరువే ఎక్కువగా ఉందేమో, ఒకసారి ఆ కోణంలో చూడండి.

ఆ కాగితంలో ‘సర్వహక్కులు’, ‘శాశ్వతంగా’ అన్న రెండు మాటలకే నా అభ్యంతరం. దానిమీద సంతకం చేస్తే 60,000 వస్తాయి, ఆ తర్వాత మీ సంఘం సొంత పాటలపుస్తకం వేసుకోవాలన్నా వాళ్లను అడగాలి. అలా కాకుండా, పది పాటలకు, మూడేళ్లకు, రికార్డింగు వరకే అనుమతి ఇచ్చి, అదే అనుమతి ఇతరులకూ ఇచ్చుకునే స్వేచ్ఛ మీ దగ్గర ఉంచుకోవచ్చు. అప్పుడు వాళ్లు ఇచ్చే డబ్బు తగ్గుతుంది, బహుశా వెనక్కి తగ్గినా తగ్గుతారు. మూడో దారి, ఎవరికీ ఇవ్వకుండా అన్నయ్యే తీసుకురావడం: ఖర్చు మీది, అధికారం కూడా మీదే. ఏది ఎంచుకున్నా పాటల పేర్లు, కాలం, ప్రాంతం, రాయల్టీ ఎంతో స్పష్టంగా రాతలో ఉండాలి. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లుగా లెక్కేస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. సంతకానికి ముందు ఈ రంగం తెలిసిన న్యాయవాదికి ఒకసారి చూపించండి.

కొత్త సంగీతం మాటకొస్తే, అది తప్పేమీ కాదు. ముందు పాత బాణీ తేటగా భద్రమైతే, ఆ తర్వాత ఎన్ని గిటార్లు, ప్యాడ్లు పెట్టినా అసలుది పోదు. మాటలు మార్చడం, రూపక తాళంలో నడిచే పాటను ఆదితాళంలోకి లాగి అక్షరాలు సాగదీయడం దగ్గర మాత్రం గట్టిగా నిలబడండి.

ఆ కుర్రాడి వీడియో. ముందు ఫోన్ చేయండి. నాన్నగారి ఒళ్లో పెరిగినవాడని మీరే రాశారు, తెలియక ఎవరో చెప్పిన పేరు వేసి ఉండొచ్చు. నోటుపుస్తకంలో ఆ పాట ఉన్న పేజీ ఫొటో పంపి, రచన, బాణీ దగ్గర పేరు సరిచేయమనండి. చాలావరకు అక్కడే అయిపోతుంది. వినకపోతే యూట్యూబ్‌లో కాపీరైటు ఫిర్యాదు పెట్టొచ్చు, అందులో ఏడు రోజుల గడువిచ్చే పద్ధతి కూడా ఉంది. గడువు లేకుండా తీయిస్తే అతని ఛానల్‌కు స్ట్రైక్ అనే హెచ్చరిక పడుతుంది, 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు. ఒక పాట విషయంలో ఊళ్లో రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయే పని అది, కాబట్టి చివరి మెట్టుగా ఉంచండి. తన పేరు తన రచనకు ఉండాలన్న హక్కు రచయిత పోయాక వారసులు అడగదగినదే. ఇంకా ఒక మాట: ఆరాధనలో ఆ పాటలు పాడుకోవడానికి ఏ సంఘమూ ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, చట్టమే మినహాయింపు ఇచ్చింది. పక్క ఊరి సంఘం పాడుతోందని ఎవరైనా మీకు చాడీ చెప్తే సంతోషించండి.

నోటుపుస్తకాల గొడవ అనుకున్నంత పెద్దది కాదు. కాగితం వేరు, కాగితంలోని పాట మీది హక్కు వేరు. పుస్తకాలు మందిరం బీరువాలో ఉన్నంతమాత్రాన పాటలు సంఘానివి కావు. పెద్దలు ‘జీతం ఇచ్చాం, కాబట్టి మావే’ అనొచ్చు. ఉద్యోగ ఒప్పందంలో భాగంగా రాసినవైతే యజమానికి హక్కు వచ్చే నిబంధన ఉంది నిజమే, కానీ కానుకల మీద నడిచే స్వతంత్ర సంఘంలో అలాంటి ఒప్పందపత్రం సాధారణంగా ఉండదు. ఉందేమో వాళ్లనే చూపించమనండి. ముందు 11 పుస్తకాల్లో ప్రతి పేజీనీ, ఖాళీ పేజీలతో సహా, పగటి వెలుగులో నీడ పడకుండా ఫొటో తీయండి, లేదా 300 డీపీఐలో స్కాన్ చేయించండి. చిరిగినచోట సెలోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. తుప్పు పట్టిన పిన్నులు తీసేయండి. అది అయ్యాక అసలు పుస్తకాలు ఎక్కడ ఉన్నా పోయేదేమీ లేదు. మందిరంలో పెట్టాలనుకుంటే కుటుంబం సంఘానికి భద్రపరచడానికి ఇచ్చినట్టు ఒక పేజీ కాగితం రాసుకుని రెండువైపులా సంతకాలు చేయండి. పాటలు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం తప్పనిసరి కాదు. కావాలంటే ఒక్కో రచనకు 500 రూపాయల రుసుము.

ఇక సంవత్సరం కూడిక. నాన్నగారు వద్దన్నది దండను, పండగను. పాటను వద్దనలేదు. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1890లో కన్నుమూశారు. ఆయన ముఖం ఎలా ఉండేదో మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? పాటలు మాత్రం ఆదివారం ఆదివారం పాడుతూనే ఉన్నాం, పుస్తకంలో పాట పక్కన పేరు చూస్తూనే ఉన్నాం. కాబట్టి ఆ రోజు ఫ్లెక్సీ మీద ఆయన ముఖం కాకుండా నలుగురి నోటా ఆయన పాట ఉండేలా చేస్తే అన్నయ్య కోరికా, నాన్నగారి మాటా రెండూ నిలుస్తాయి. మైదానంలో చేస్తే షామియానా, మైకు, భోజనాలు, అతిథి ప్రసంగీకులు అన్నీ కలిసి ఖర్చు లక్షలకు పాకుతుంది, రాజకీయ నాయకులూ వేదికెక్కుతారు, పాటకు మిగిలేది అరగంట. మందిరంలోనే చేస్తే ఊళ్లవాళ్లందరూ పట్టకపోవచ్చు, కొందరు నొచ్చుకుంటారు. మందిరం ఆవరణలో 200 మందికి సాయంత్రం కూడిక పెట్టి, ‘కృతజ్ఞతా కూడిక’ అని పిలవడం నాకు కుదురుగా అనిపిస్తోంది. భోజనానికి 25 కిలోల బియ్యం సరిపోతుంది. మైకు అనుమతి ముందే తీసుకోండి, రాత్రి 10 దాటితే ఎలాగూ ఆపాలి.

రెండు గంటల్లో ఎనిమిది పాటలు పెట్టుకోండి. నాలుగు అందరికీ వచ్చినవి, రెండు ముసలివాళ్లకే గుర్తున్నవి, ఒకటి సండేస్కూలు పిల్లలది, ఒకటి ఎవరూ వినని నోటుపుస్తకంలోది. సాక్ష్యం చెప్పేవాళ్లు అయిదుగురు, తలా మూడు నిమిషాలు. ‘అయ్యగారి గురించి రెండు మాటలు’ అని పిలిస్తే ప్రతివారూ ప్రసంగం చేస్తారు. ‘ఫలానా పాట మీ ఇంట్లో పుట్టిందట, ఆ రోజు సంగతి చెప్పండి’ అని ఒక్కొక్కరికీ ముందే చెప్పిపెట్టండి. మిక్సరు నుంచి నేరుగా వైరు తీసి ఆ కూడికను రికార్డు చేయించండి. అమ్మగారు ముందు వరసలో కూర్చోవాలని ఎవరూ పట్టుబట్టకూడదు. తలుపు పక్కన ఒక కుర్చీ వేసి ఉంచండి, లేవాలనిపిస్తే లేస్తారు.

పాటలపుస్తకం అప్పటికి తేవాలని తొందరపడకండి. 180 పాటలు అచ్చుతప్పులు లేకుండా రావాలంటే ఇద్దరు వేర్వేరుగా నోటుపుస్తకంతో పోల్చి చదవాలి. డీటీపీ చేసేవారికి ముందే చెప్పండి, పాఠం యూనికోడ్‌లో కావాలని. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టి ఇస్తే అచ్చుకు బాగానే ఉంటుంది కానీ ఫోనులో తెరుచుకోదు, మార్చబోతే ఒత్తులు చెదిరిపోతాయి. పాట పైన రాగం, తాళం, నాన్నగారి శ్రుతి వేయండి.

అవి నోటుపుస్తకంలో ఉండవు కదా అంటారా? అందుకే ఢోలక్ పెద్దాయన. 180 పాటల్లో క్యాసెట్లకు ఎక్కినవి సగమైనా ఉంటాయో లేదో. మిగతావాటి మాటలు కాగితం మీద ఉన్నాయి, బాణీలు ఆయన చేతుల్లో, మరికొందరు పెద్దవాళ్ల నోళ్లలో ఉన్నాయి. వచ్చే వారం ఊరికి వెళ్లినప్పుడు ముందు ఆయన ఇంటికే వెళ్లండి. ఉదయం పూట, ఓపిక ఉన్న సమయంలో, అరగంటకు మించకుండా, నాలుగైదుసార్లుగా. నోటుపుస్తకాల జెరాక్సు పెద్ద అక్షరాల్లో తీసుకెళ్లండి. ఫోనును ఆయనకు రెండడుగుల దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, ఫ్యాను ఆపి రికార్డు చేయండి. ‘ఈ పాట ఏ రాగం తాతయ్యా?’ అని అడగొద్దు, ఆయనకు పేరు తెలియకపోవచ్చు, తెలియదని చిన్నబుచ్చుకుంటారు. ఢోలక్ ఆయన ఒళ్లో పెట్టి, మీకు వచ్చినంత పల్లవి మీ శ్రుతిలో ఎత్తుకుని, చరణం మొదట్లో ఆగిపోండి. మిగతాది ఆయన అందుకుంటారు.